చందాలు అడుక్కోవాల్సింది పసిపిల్లలు కాదు

బ్రిటన్‌లో ఒపెరా (కథంతా పాటల్లో నడిచే నాటకం) నిధుల గొడవ 2022 నవంబరు నుంచి సద్దుమణగలేదు. ఇంగ్లిష్ నేషనల్ ఒపెరాకు అప్పటిదాకా ఏటా ఇచ్చిన 1.26 కోట్ల పౌండ్ల ప్రభుత్వ గ్రాంటుకు కోత, లండన్ వదిలి వెళ్లాలన్న షరతు, వెల్ష్ నేషనల్ ఒపెరాకు మూడో వంతుకు పైగా తగ్గింపు, గ్లైండ్‌బోర్న్ ఒపెరా సంస్థ టూర్ రద్దు... ఇవన్నీ ఈ రంగాన్ని గమనించేవాళ్లకు తెలిసినవే. చర్చంతా పెద్ద హాళ్ల చుట్టూ, కోరస్, ఆర్కెస్ట్రాల ఉద్యోగాల చుట్టూ తిరిగింది. ఇంకా నడక రాని, మాటలు రాని ప్రేక్షకుల గురించి మాట్లాడినవాళ్లు చాలా తక్కువ. ఈ వ్యవహారంలో అసలు అన్యాయం అక్కడే జరుగుతోందని నా అభిప్రాయం.

పసిపిల్లలకు ఒపెరా ఏమిటని కొందరికి అనిపించవచ్చు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక కుటుంబాల సంగతి తెలిసినవాళ్లకు మాత్రం అనిపించదు. ఆ ఇళ్లలో పిల్లలు తెర వెనక ఉండగానే పద్యాలు విన్నారు, నడక రాగానే వేషం కట్టారు. గ్లాస్గో కేంద్రంగా ఉన్న స్కాటిష్ ఒపెరా 'బేబీఓ' పేరుతో ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలకే ఒక ప్రదర్శన తయారు చేసింది. పిల్లలు తల్లిదండ్రుల ఒళ్లో కూర్చుంటారు. గాయకులు వాళ్ల పక్కకే వచ్చి, కళ్లలోకి చూస్తూ, మైకు లేకుండా పాడతారు. తూర్పు లండన్‌లో స్పిటల్‌ఫీల్డ్స్ మ్యూజిక్ సంస్థ రెండున్నరేళ్ల లోపు పిల్లల కోసం ఇలాంటి చిన్న ఒపెరాలు చేసింది. శిక్షణ పొందిన మనిషి గొంతు నాలుగడుగుల దూరంలో ఎలా ఉంటుందో స్పీకర్లలో వినేవాళ్లకు అర్థం కాదు. ఆ గొంతు గాలిని కదిలిస్తుంది. ఒళ్లో ఉన్న బిడ్డకు అది ఒంటికి తగులుతుంది.

ఇక డబ్బు సంగతి. హాల్లో రెండు వేల మంది కూర్చుంటే టికెట్ల మీద కొంతైనా తిరిగి వస్తుంది. పసిపిల్లల ప్రదర్శనకు కొద్దిమంది పిల్లలను మించి కూర్చోబెట్టలేం. మించితే వాళ్లు బెదిరిపోతారు, గాయకులు అందరి దగ్గరికీ చేరలేరు. అంటే ముగ్గురు కళాకారుల ఒక పూట శ్రమను పంచుకునేది కొన్ని కుటుంబాలే. విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు 1966లోనే ఈ చిక్కును విడమరచి చెప్పారు. కర్మాగారంలో యంత్రం వస్తే అదే మనిషి పది రెట్లు ఎక్కువ సరుకు తీస్తాడు. నలుగురు కలిసి వాయించాల్సిన సంగీతానికి రెండు వందల ఏళ్ల కిందటా నలుగురే కావాలి, ఇప్పుడూ నలుగురే కావాలి. జీతాలు మాత్రం మిగతా లోకంతో పాటు పెరుగుతాయి. కాబట్టి ప్రదర్శన కళల ఖర్చు ఎప్పుడూ ఆదాయాన్ని దాటి పోతూనే ఉంటుంది. ఈ సూత్రం అన్నిటికంటే కఠినంగా పనిచేసేది పసిపిల్లల దగ్గరే. ఇక్కడ హాలు పెంచే వీలు లేదు, టికెట్ ధర పెంచితే పేద తల్లి రాదు.

అలాంటప్పుడు ప్రభుత్వ గ్రాంటు ముందుగా ఎక్కడికి చేరాలి? జరుగుతున్నది దీనికి తలకిందులు. చాలా సంస్థల్లో పెద్ద వేదిక మీది ప్రదర్శనలు గ్రాంటులోంచి నడుస్తాయి. పసిపిల్లల పని 'విద్యా విభాగం' పేరుతో ట్రస్టుల ముందు, దాతల ముందు చేయి చాస్తుంది. క్రిస్మస్ ముందు 'బిగ్ గివ్' అనే విరాళాల వారంలో ఇచ్చిన ప్రతి పౌండూ రెట్టింపవుతుందని ఈమెయిళ్లు వెళ్తాయి. గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపితే ప్రభుత్వం పౌండుకు మరో 25 పెన్నీలు కలుపుతుందని గుర్తు చేస్తారు. ఆ పథకాలు మంచివే, వాటిని నడిపేవాళ్ల కష్టం నాకు తెలుసు. కానీ ఈ వరస తిరగేయాలి. గ్రాంటులో ముందు వాటా ఐదేళ్ల లోపు పిల్లలకు పోవాలి. విరాళాల కోసం వెళ్లాల్సింది పెద్ద వేదిక. దానికి సంపన్న అభిమానులు ఉన్నారు, స్పాన్సర్ల పేర్లు వేసుకోవడానికి కరపత్రాలు ఉన్నాయి, విరామంలో విందులు ఉన్నాయి. పసిబిడ్డకు పర్సు లేదు, ఓటు లేదు. ఇంగ్లిష్ నేషనల్ ఒపెరాకు ఇచ్చిన ఆ 1.26 కోట్లలో నూరో వంతు అంటే 1,26,000 పౌండ్లు. బ్రిటన్ సగటు జీతాల లెక్కలో ముగ్గురు గాయకుల ఏడాది వేతనం దాదాపు అందులోనే సర్దుకుంటుంది.

నిలకడ లేని నిధుల మీద ఆధారపడితే ఎంత టెన్షనో అబర్డీన్‌లో చూశాం. సిస్టెమా స్కాట్లాండ్ అనే సంస్థ 2008లో స్టిర్లింగ్‌లోని రాప్లాక్ బస్తీలో పిల్లల ఆర్కెస్ట్రా మొదలుపెట్టింది. 1975లో వెనిజులాలో హోసే ఆంటోనియో అబ్రేయు స్థాపించిన ఎల్ సిస్టెమా దీనికి ప్రేరణ. తర్వాత గ్లాస్గో, అబర్డీన్, డండీలకు విస్తరించారు. 2023లో అబర్డీన్ నగర పాలక సంస్థ బడ్జెట్ లోటు చూపి తన వాటా ఆపేసింది. స్కాట్లాండ్ ప్రభుత్వం ముందుకొచ్చి డబ్బిచ్చింది కాబట్టి పని ఆగలేదు. ఒక సంవత్సరం లోటు వస్తే వయొలిన్ పట్టిన పిల్లల చేతులు ఖాళీ అయ్యే ఏర్పాటును నేను ఏర్పాటు అనను.

తిండికే ఇబ్బంది పడే కుటుంబాలు ఉండగా ఒపెరా ఏమిటి, తల్లి జోల పాడితే చాలదా అనే వాదన ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోను. తల్లి జోలే మొదటి సంగీతం, దానికి ప్రత్యామ్నాయం లేదు. కానీ రెండు ఉద్యోగాలు చేసి అలసిపోయి వచ్చే తల్లికి, తన అమ్మకు దూరంగా అద్దె గదిలో ఒంటరిగా బిడ్డను పెంచే తల్లికి ఆ జోలను తిరిగి గుర్తు చేసేది ఇలాంటి కార్యక్రమాలే. అక్కడ బిడ్డతో పాటు తల్లి కూడా గొంతు విప్పుతుంది.

విరాళాలు అడిగేవాళ్లు ఇంకో వల్లో పడుతున్నారు. పాట వింటే మెదడు పెరుగుతుందని, మార్కులు వస్తాయని దాతలకు ఆశ చూపిస్తున్నారు. 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థుల మీద చేసిన ఒక చిన్న ప్రయోగంలో మోట్జార్ట్ సంగీతం విన్నాక పరీక్షలో మార్కులు పెరిగాయన్నారు, అది 'మోట్జార్ట్ ఎఫెక్ట్'గా ఊరేగింది. కనబడిన ప్రభావం పావుగంటకు మించి నిలవలేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇస్తానని 1,05,000 డాలర్లు అడిగారు. పిల్లలకు అవసరమైంది సీడీ కాదు. 2014లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 14 నెలల పిల్లలను ఎత్తుకుని, ఎదుటి వ్యక్తితో ఒకే లయలో ఊగేలా పాటకు ఊపారు. ఆ తర్వాత ఆ వ్యక్తి చేతిలోంచి వస్తువు జారిపడితే తీసి అందించడానికి ఆ పిల్లలు ఎక్కువగా ముందుకొచ్చారు. లయ తప్పి ఊగిన పిల్లలు అంతగా రాలేదు. పాట మనిషికీ మనిషికీ మధ్య జరుగుతుంది, దాని ఫలితమూ అక్కడే కనిపిస్తుంది. ఆ ఒక్క కారణం చూపి డబ్బు అడిగితే చాలు.

ఇక్కడ మన సంగతి కూడా మాట్లాడాలి, ఎందుకంటే మన దాతృత్వానికి మనిషి శ్రమ అంటే గిట్టదు. గదికి ఇస్తాం, గేటుకు ఇస్తాం, నీళ్ల ప్లాంటుకు ఇస్తాం. వాటి మీద శిలాఫలకం వేయవచ్చు. జీతం మీద పేరు చెక్కలేం కాబట్టి జీతానికి ఇవ్వం. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. దాతలు, కంపెనీలు అడుగుపెట్టిన చోట గోడల మీద రంగు బొమ్మలు, ప్లాస్టిక్ ఆటవస్తువులు, కుర్చీలు కనిపిస్తాయి. పాడే మనిషి కనిపించడు. ఆ పని కూడా లెక్కల రిజిస్టర్లు, ఫోన్ యాప్‌లు, వంట మధ్యలో నలిగే టీచరమ్మ మీదే పడుతుంది. మరోవైపు హరికథ, ఒగ్గుకథ, తోలుబొమ్మలాట తెలిసిన కళాకారులు పని లేక కూలికి వెళ్తున్నారు. వీళ్లిద్దరినీ కలపడానికి చట్టం అడ్డు రాదు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్సార్) కింద ఖర్చు చేయమంది. అనుమతించిన పనుల జాబితాలో సంప్రదాయ కళల ప్రోత్సాహం కూడా ఉంది.

సీఎస్సార్ కమిటీల్లో కూర్చునేవాళ్లకు, సొంత ఊరికి ఏదైనా చేయాలని విదేశాల నుంచి డబ్బు పంపేవాళ్లకు నా విన్నపం ఇది. ఒక మండలంలోని అంగన్‌వాడీలను ఎంచుకోండి. నెలకు రెండుసార్లు వచ్చి పిల్లల మధ్య కూర్చుని పాడే కళాకారుడి పారితోషికం, అతని బస్సు చార్జీలు, టీచరమ్మకు పాటలు నేర్పే రోజు ఖర్చు, అన్నీ కలిపి మూడేళ్లకు ఒకేసారి లెక్కగట్టండి. ముందు ఆ చెక్కు రాయండి. గోడల రంగులకు కొటేషన్ ఆ తర్వాత తెప్పించుకోవచ్చు.