బ్లాక్‌పూల్ వెళ్తే ఆర్గన్ కూడా విందాం

ఇక్కడ లాంకషైర్‌లో మన సంఘం ఏటా అక్టోబరులో సముద్రతీర పట్టణం బ్లాక్‌పూల్‌కి కోచ్ వేస్తుంది. పులిహోర డబ్బాలు, పిల్లల కేరింతలు, సముద్రం పక్కన ఆరు మైళ్ల పొడవునా దీపాలు. ఫొటోలు దిగి రాత్రికి ఇళ్లు చేరతాం. పదకొండేళ్లుగా నేనూ అలాగే వెళ్లొస్తున్నాను. టవర్ ముందు నిలబడ్డాను గానీ లోపలికి అడుగు పెట్టలేదు. ఈసారి మధ్యాహ్నం రెండు గంటలు ఆ టవర్ లోపలి డాన్స్ హాలుకి, అంటే టవర్ బాల్‌రూమ్‌కి కేటాయించమని కమిటీని అడుగుతున్నాను.

మా పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంటారు. మనవలు ఆవిడని ‘నాన్’ అంటారు. లాంకషైర్‌లో అమ్మమ్మనైనా నానమ్మనైనా అలాగే పిలుస్తారు. మా అమ్మాయికీ ఆవిడ నానే. పోయిన ఏడాది దీపాల ట్రిప్ గురించి చెబుతుంటే ఆవిడ తల ఊపి, "మా ఇంట్లో బ్లాక్‌పూల్ అంటే రెజీ" అన్నారు. రెజీ అంటే రెజినాల్డ్ డిక్సన్. 1904లో షెఫీల్డ్‌లో పుట్టి, 1930లో టవర్ బాల్‌రూమ్‌లో వర్లిట్జర్ కంపెనీ ఆర్గన్ (గాలి గొట్టాలతో పలికే పెద్ద వాద్యం) ముందు కూర్చుని, 1970 వరకూ అక్కడే వాయించారు. మధ్యలో యుద్ధకాలంలో వాయుసేనలో గడిపిన కొన్నేళ్లు తప్ప ఆ కుర్చీ ఆయనదే. రేడియోలో బీబీసీ ప్రసారాలతో దేశమంతా ‘మిస్టర్ బ్లాక్‌పూల్’ అయిపోయారు. 1956లో బ్లాక్‌పూల్ దీపాలు వెలిగించే గౌరవం ఆయనకే ఇచ్చారు. ఆ డిసెంబరులోనే బాల్‌రూమ్ కాలిపోయింది. 1958లో మళ్లీ తెరిచాక డిక్సన్ మళ్లీ వచ్చి కూర్చున్నారు.

ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది. నాన్ చెప్పింది వేరు.

ఆవిడ తల్లి నెల్సన్ ఊళ్లో బట్టల మిల్లులో నాలుగు మగ్గాలు నడిపేది. ఆ షెడ్డులో వందల మగ్గాల చప్పుడుకి మాట వినపడదు. అందుకని ఆడవాళ్లు పెదాల కదలిక చూసి మాట్లాడుకునేవారట. ఏడాదికి ఒక్క వారం మిల్లు మూసేవారు. ఒక్కో ఊరికి ఒక్కో వారం. దాన్ని వేక్స్ వీక్ అంటారు. ఆ వారం ఊరు ఊరంతా రైలెక్కి బ్లాక్‌పూల్ చేరేది. ఏడాది పొడవునా పోగేసుకున్న డబ్బు ఆ వారంలో ఖర్చు. 1938లో అలా వెళ్లినప్పుడే తల్లీ తండ్రీ ఆ బాల్‌రూమ్‌లో మొదటిసారి కలిసి డాన్స్ చేశారు. ఇద్దరూ మిల్లువాళ్లే. "అమ్మకి చెవులు సరిగ్గా వినిపించేవి కాదు. రెజీ ఎడమకాలి దెబ్బ మాత్రం చెక్క నేలలోంచి పాదాలకి తెలిసేదట" అని నాన్ చెప్పినప్పుడు నాకు కాసేపు మాట రాలేదు.

దానికి కారణం ఉంది. మా తాతయ్య మంగళగిరిలో నేతగాడు. గుంటమగ్గంలో కూర్చుని చేతులతో నాడె విసురుతూ, కాళ్లతో తొక్కుడు కర్రలు తొక్కుతూ అరవై ఏళ్లు నేశారు. మా ఇంట్లో లాంకషైర్ అంటే తిట్టు. ఇక్కడి మిల్లు గుడ్డ వచ్చి మగ్గాల పొట్ట కొట్టిందని తాతయ్య తన తండ్రి నోట విన్నారు. ఆ మాటే మాకూ చెప్పారు. అది అబద్ధం కాదు, నేను మర్చిపోనూ లేదు. కానీ ఆ మిల్లుల్లో చెవులు పోగొట్టుకున్న నేతగత్తెలు ఉన్నారని, ఏడాదికి ఒక్క వారం మాత్రమే వాళ్లదని నాకెవరూ చెప్పలేదు. ఆ ఒక్క వారానికి పాట వాయించిన మనిషి డిక్సన్.

నాన్ మాట విన్నాక మొన్న ఫిబ్రవరిలో మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. ఆర్గన్ వేదిక కిందనుంచి మెల్లగా పైకి లేస్తుంది. వాయించేవారి ముందు హార్మోనియం మెట్లలాంటివి మూడు వరుసలు, కాళ్ల కింద పెద్ద చెక్క పెడళ్లు. గొట్టాలు మనకి కనపడవు, గోడల వెనక గదుల్లో ఉంటాయి. ఆ గదులకి కిటికీ రెక్కల్లాంటివి ఉంటాయి. అవి తెరిస్తే శబ్దం పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. డ్రమ్ములు, తాళాలు, జైలోఫోన్ అన్నీ నిజమైనవే, గాలి వాటిని మోగిస్తుంది. మెట్టు నొక్కితే ఆ కబురు తీగలోంచి కరెంటుగా వెళ్లి గొట్టం తెరుస్తుంది. ఈ ఏర్పాటుకి బాట వేసినవాళ్లలో ముఖ్యుడైన రాబర్ట్ హోప్-జోన్స్ మొదట ఇక్కడి లాంకషైర్, చెషైర్ టెలిఫోన్ కంపెనీలో ఇంజనీరు. తర్వాత అమెరికా వెళ్లి వర్లిట్జర్ కంపెనీలో చేరారు. మూకీ సినిమాలకి ఒక్క మనిషే వాద్యబృందం మొత్తంలా వాయించాలని థియేటర్లు ఈ ఆర్గన్లు కొన్నాయి. దీనిమీద డాన్సుకి వాయించడం మాత్రం తేలిక కాదు. గొట్టంలో గాలి పలికేసరికి క్షణం ఆలస్యమవుతుంది, తాళం జారిపోతుంది. డిక్సన్ ఎడమకాలితో, ఎడమచేత్తో దరువు పట్టి, వేలమంది అడుగు తప్పకుండా నడిపారు. చేతులూ కాళ్లూ నాలుగూ నాలుగు పనులు చేయడం చూస్తుంటే నాకు గుంటమగ్గమే గుర్తొచ్చింది.

పోయిన మీటింగులో ఒకరు అడిగారు, "మన పిల్లలకి మన పద్యాలే రావట్లేదు, వాళ్ల పాత డాన్సులు మనకెందుకండీ?" అని. ఆ బాధ నాకూ ఉంది. కానీ మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి. బాల్‌రూమ్ నుంచి వచ్చిన రాత్రి మా అమ్మాయి మంగళగిరికి ఫోన్ చేసి, "తాతయ్యా, మీ ఊళ్లో ఇలా ఎవరైనా వాయించేవారా?" అని అడిగింది. మా నాన్న నలభై నిమిషాలు మాట్లాడారు. నవమి పందిట్లో నాటకం, శ్రుతి అందించే హార్మోనిస్టు, రాయబారం పద్యం ‘వన్స్‌మోర్’ అంటే నటుడు ఊపిరి తీసుకునేదాకా రాగాన్ని లాగి పట్టుకోవడం, నటుడు మాట మర్చిపోతే తెలియకుండా కప్పేయడం. పద్యం పాడిన నటుల పేర్లు మా నాన్నకి ఇప్పటికీ గడగడా వచ్చు. ఆ హార్మోనిస్టు పేరు మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ సంగతి ఆయన్ని రెండు రోజులు బాధపెట్టింది. నాకు ఆయన నోట హార్మోనిస్టు మాట వినడం అదే మొదటిసారి.

బ్లాక్‌పూల్‌లో ఆర్గన్ వాయించిన మనిషిని జనం గుర్తుపెట్టుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు ‘మీ అమ్మ, నాన్న అక్కడ కలిశారు’ అని చెబుతూ వచ్చారు గనక ఆ పేరు నిలిచింది. మన పిల్లలు పుట్టింది ప్రెస్టన్‌లో, బోల్టన్‌లో. ఈ ఊళ్ల జ్ఞాపకాలు వాళ్లవి కావని మనం ఎందుకు అనుకోవాలి?

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. బాల్‌రూమ్‌లో ఇప్పటికీ పగటిపూట వర్లిట్జర్ వాయిస్తున్నారు. టీ తాగుతూ వినొచ్చు, వచ్చినవాళ్లు డాన్స్ చేయొచ్చు. ఒక్కో కుటుంబం తమ వీధిలో ఉండే పెద్దవాళ్లని ఒకరిద్దరిని వెంట తీసుకురావాలి. కోచ్‌లో వాళ్ల పక్కన పిల్లల్ని కూర్చోబెట్టాలి. దారి పొడవునా పిల్లలు అడుగుతారు, వాళ్లు చెబుతారు. రికార్డు చేసే పని నేను చూసుకుంటాను. ఇండియా నుంచి వచ్చి ఉన్న మన తాతయ్యలు, అమ్మమ్మల దగ్గర కూడా నాటకాల రోజులు రికార్డు చేద్దాం. సురభి వాళ్ల నాటకాలు కళ్లారా చూసినవాళ్లు మనలోనే ఉన్నారు.

నాన్‌కి ఈ మాట చెప్పాను. ఆవిడ చెల్లెలు బర్న్‌లీలో ఉంటుంది, ఆవిడా వస్తుందట. రెండు సీట్లు ఇప్పుడే రాసుకోండి. నాన్‌కి మోకాళ్ల నొప్పులు, ముందు సీటైతే మంచిది.