ఏడిస్తే నవ్వుతారా?

మా బెంగళూరు అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో నీళ్ల ట్యాంకర్ రాలేదని ఎవరైనా రాస్తే చాలు, వెంటనే చంద్రబాబు ఏడుస్తున్న స్టిక్కర్ వచ్చి పడుతుంది. ఒళ్లు మండిపోతుంది నాకు.

2021 నవంబరు 19న, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో తన భార్యను కించపరిచారంటూ ఆయన విలేకరుల ముందు వెక్కివెక్కి ఏడ్చారు. అప్పటికి 71 ఏళ్ల మనిషి. మాట పెగల్లేదు, రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. అందులో నవ్వడానికి ఏముంది? ఆయన పాలన నచ్చకపోతే తిట్టండి, ఓటు వేయకండి, ఎవరొద్దన్నారు! పెళ్లాం పేరు తీస్తే కడుపు మండటం కూడా తప్పేనా?

అదే ఏడాది జులై 26న ఇక్కడ విధానసౌధలో అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి యడియూరప్ప రాజీనామా ప్రకటిస్తూ కంటతడి పెట్టారు. అప్పుడూ ఇదే వరస. మన పార్టీవాడైతే గుండె తరుక్కుపోతుంది, అవతలివాడైతే గ్లిజరిన్ అంటారు. ఇంట్లో సొంత తండ్రి కళ్లు చెమర్చితే తల్లడిల్లిపోయేవాళ్లే (నేను చూశాను కాబట్టే చెబుతున్నా) ఫోన్ చేతికొస్తే ఇలా తయారవుతారు. ఆ స్టిక్కర్ పంపొద్దని గ్రూపులో అడిగాను. "మీరు ఆ పార్టీయా అండీ?" అన్నారు. నేను ఏ పార్టీ కాదు. దయచేసి ఆ స్టిక్కర్ తీసేయండి.