లేజర్ల యుగంలోనూ తూటానే ఎందుకు?

గ్రహాల మధ్య యుద్ధం చేసే సైన్స్ ఫిక్షన్ సైనికుడి చేతిలో మామూలు తుపాకీ కనిపిస్తే, రచయితకు ఊహాశక్తి చాల్లేదని పెదవి విరిచేవాళ్లు చాలామంది. లెక్కలు వేసి చూస్తే మాత్రం రచయితే రైటు.

నాటో సైన్యాల 5.56 ఎం.ఎం. తూటా ఎం855నే తీసుకోండి. మొత్తం బరువు సుమారు 12 గ్రాములు. అందులో గుండు 4 గ్రాములు, దాన్ని తోసే తుపాకీమందు 2 గ్రాముల లోపే. గుండు సెకనుకు దాదాపు 940 మీటర్ల వేగంతో, 1,750 జౌళ్ల శక్తితో దూసుకుపోతుంది. 30 తూటాల మ్యాగజైన్‌కు ఇది 52 కిలోజౌళ్లు. సెల్‌ఫోన్ బ్యాటరీలో ఉండేదీ ఇంచుమించు అంతే! కాబట్టి కరెంటుతో పనిచేసే ఆయుధానికైనా శక్తికి కొరత లేదు, దాన్ని ఎంత త్వరగా బయటికి తీయగలమన్నదే చిక్కు. గుండు బ్యారెల్ దాటడానికి పట్టేది సెకనులో సుమారు వెయ్యో వంతు. అంటే ఆ చిటికెడు మందు ఆ క్షణంలో మెగావాట్‌కు పైగా పవర్ ఇస్తోంది. ఫోన్ బ్యాటరీ ఇవ్వగలిగేది పదుల వాట్లు. ఈ తేడాను కెపాసిటర్లతో, అంటే కరెంటును దాచుకుని ఒక్కసారిగా వదిలే పరికరాలతో పూడ్చాలి. మామూలు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ గ్రాముకు దాచేది ఒక జౌల్ అటూఇటూగా. గుండును మందుతో కాక కరెంటుతో తోసే విద్యుదయస్కాంత తుపాకీలో సగం శక్తే వృథా అవుతుందనుకున్నా, ఒక్క గుండుకు కిలోలకొద్దీ కెపాసిటర్లు మోయాలి.

లేజర్‌కు అసలు శత్రువు వేడి. మంచి ఫైబర్ లేజర్‌లో కూడా సగానికి పైగా కరెంటు ఆయుధంలోనే వేడిగా మిగిలిపోతుంది. తుపాకీలో మందును పట్టి ఉంచే ఇత్తడి కేసు కొంత వేడిని తనతోపాటు బయటికి మోసుకుపోతుంది. ఈ సాయం ఎంత విలువైనదో జర్మనీ జీ11 రైఫిల్ చూపించింది. హెక్లర్ అండ్ కోఖ్ కంపెనీ దానికి కేసు లేని 4.73 ఎం.ఎం. తూటా తయారుచేస్తే, వేడెక్కిన ఛాంబర్‌లో మందు దానంతటదే అంటుకునేది. చివరికి మందు రసాయనాన్నే మార్చాల్సి వచ్చింది.

అలాగని లేజర్‌ను తీసిపారేయలేం. 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ను కూల్చింది. దాన్ని రూపొందించింది హైదరాబాద్‌లో ఉన్న ఆ సంస్థ ప్రయోగశాల చెస్ (CHESS). అయితే అది వాహనం మీద బిగించే ఆయుధం, భుజాన వేసుకునేది కాదు. పైగా కిరణం లక్ష్యం మీద ఒకేచోట నిలవాలి. దుమ్ము, పొగ, మంచు దాన్ని చెదరగొడతాయి. గుండును విద్యుదయస్కాంత శక్తితో విసిరే రైల్‌గన్‌దీ ఇలాంటి కథే. 2010లో 33 మెగాజౌళ్లతో పేల్చి చూపించిన అమెరికా నౌకాదళం 2021లో ఆ పని ఆపేసింది. బ్యారెల్ అరుగుదల దాన్ని వెంటాడిన సమస్యల్లో ఒకటి. మరోపక్క అదే అమెరికా సైన్యం 2022లో ఎంచుకున్న కొత్త రైఫిల్ 6.8 ఎం.ఎం. తూటాలు పేలుస్తుంది. అధిక పీడనానికి తట్టుకునేలా ఆ కేసు అడుగుభాగాన్ని స్టీలుతో చేశారు, అంతే తేడా.

అంతరిక్షంలో తుపాకీ పేలదన్నది అపోహ. మండటానికి కావలసిన ఆక్సిజన్ మందులోనే ఉంటుంది. 1975 జనవరిలో సోవియట్ సల్యూత్-3 కేంద్రం కక్ష్యలోనే తన తుపాకీని పేల్చింది. అక్కడ ఇబ్బందులు వేరు. గాలి లేదు కనుక బ్యారెల్ వేడి కేవలం వికిరణంతోనే పోవాలి, చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. మామూలు కందెన నూనె శూన్యంలో ఆవిరైపోతుంది. సూటుతో కలిపి 120 కిలోలున్న సైనికుడు ఒక్క గుండు పేలిస్తే సెకనుకు సుమారు 5 సెంటీమీటర్ల వేగంతో వెనక్కి జరుగుతాడు. భుజానికి ఆనించి కాలిస్తే గిరగిరా తిరగడం కూడా మొదలవుతుంది. ఆధారానికి కట్టుకోకుండా మ్యాగజైన్ మొత్తం ఖాళీ చేసే సన్నివేశం రాస్తే మాత్రం ఆ రచయితను తప్పుపట్టాల్సిందే.