గాజాలో ఆగితేనే ఎర్ర సముద్రంలో ఆగేది

2023 అక్టోబర్ 7న హమాస్ ఇజ్రాయెల్ మీద దాడి చేయడం, ఇజ్రాయెల్ గాజా మీద యుద్ధానికి దిగడం, ఆ తర్వాతి కథ మళ్లీ చెప్పక్కర్లేదు. లెబనాన్, సిరియా, యెమెన్, ఇరాన్, చివరికి మధ్యవర్తిగా కూర్చున్న ఖతార్ కూడా దెబ్బ తిన్నాయి. వీటిని దేనికది వేరే గొడవగా చూడటమే పెద్ద పొరపాటు. ముడి గాజాలో ఉంది.

ఎర్ర సముద్రాన్నే చూడండి. 2023 నవంబర్‌లో యెమెన్‌లోని సాయుధ తిరుగుబాటుదారులైన హౌతీలు గెలాక్సీ లీడర్ నౌకను పట్టుకున్నాక, పెద్ద కంటైనర్ కంపెనీలు సూయజ్ కాలువను వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టాయి. ట్రిప్పుకు పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు అదనం. 2023లో వెయ్యి కోట్ల డాలర్లు దాటిన ఈజిప్టు సూయజ్ ఆదాయం మరుసటి ఏడాది సుమారు 400 కోట్లకు పడిపోయింది. ఈజిప్టు ఆ యుద్ధంలో లేదు. దాన్ని ఆపించడానికి తిరిగిన దేశాల్లో అదొకటి.

2024 మార్చి 6న ఏడెన్ సింధుశాఖలో ట్రూ కాన్ఫిడెన్స్ అనే సరుకు నౌకకు హౌతీల క్షిపణి తగిలింది. ముగ్గురు నావికులు చనిపోయారు. లైఫ్‌రాఫ్ట్‌లో ఉన్నవాళ్లను మన ఐఎన్‌ఎస్ కోల్‌కతా హెలికాప్టర్‌తో, పడవలతో కాపాడింది. మొత్తం 21 మంది, వాళ్లలో ఒక భారతీయుడు. చనిపోయినవాళ్లు ఫిలిప్పీన్స్, వియత్నాంల నుంచి పొట్టకూటికి ఓడెక్కినవాళ్లు. ఈ దాడులకు ఏ సమర్థనా లేదు.

హౌతీలకు గాజా సాకు మాత్రమే, ఆడించేది ఇరాన్ అంటారు. నిజమే, వాళ్లు కొట్టిన చాలా ఓడలకు ఇజ్రాయెల్‌తో సంబంధమే లేదు. సరే, సాకే అనుకుందాం. అది లేకుండా చేస్తే ఏమవుతుందో 2025లో చూశాం కదా! జనవరి 19న గాజాలో కాల్పులు ఆగాయి, వాణిజ్య నౌకల మీద దాడులూ ఆగాయి. గెలాక్సీ లీడర్ సిబ్బంది పాతిక మందినీ వదిలేశారు. మార్చిలో గాజా యుద్ధం మళ్లీ మొదలైంది. అమెరికా ఏడు వారాల పాటు యెమెన్ మీద బాంబులు కురిపించింది. ఫలితం? జులైలో ఒక్క వారంలోనే మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సీ అనే రెండు నౌకలు హౌతీల దాడుల్లో మునిగిపోయాయి. బాంబులు చేయలేని పని కాల్పుల విరమణ చేసింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఇది మనకు దూరపు గొడవ అనుకునేవాళ్లకు ఒక మాట. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఎందరో. వలస కార్మికుడు పంపే డబ్బు గురించి ఘనంగా మాట్లాడే మనం, విదేశాంగ విధానం దగ్గరికి వచ్చేసరికి అతన్ని లెక్కలోకే తీసుకోం. పాలస్తీనాను 1988లోనే గుర్తించిన దేశం మనది. అయినా 2025 జూన్ 12న, గాజాలో వెంటనే కాల్పులు ఆపాలన్న తీర్మానానికి ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 149 దేశాలు ఓటేస్తే, మనం ఓటింగుకు దూరంగా ఉన్నాం. ఆ మర్నాడే ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి మొదలుపెట్టింది. పదకొండో రోజు రాత్రి ఇరాన్ క్షిపణులు ఖతార్ రాజధాని దోహా పక్కనే అమెరికా సైన్యం ఉన్న అల్ ఉదైద్ స్థావరం మీదికి దూసుకొచ్చాయి. ఖతార్ ఆకాశమార్గం మూసేసింది. మనవాళ్లు ఆ రాత్రి దోహాలోనే ఉన్నారు.