హైపర్ కుక్క ఉచితంగా ఇవ్వబడును

పోయిన ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ దిగింది. "గుడ్ మార్నింగ్ ఆల్. మా 14 నెలల జాక్ రస్సెల్ టెర్రియర్ మంచి ఫ్యామిలీకి ఉచితంగా ఇవ్వబడును. వ్యాక్సిన్లు అయ్యాయి. పరుపు, గిన్నె, మూడు ఫ్రాకులు కూడా ఫ్రీ. కారణం: డాగ్ బాగా హైపర్." చివర్లో దండం బొమ్మ. దాని కింద ఇరవై ఆరు మంది దండాలు పెట్టారు. కుక్క కావాలని ఒక్కరూ అనలేదు. 308 గారు మాత్రం ఫ్రాకులు విడిగా ఇస్తారా అని అడిగారు.

పంపింది 405 గారు. మా అపార్ట్‌మెంట్‌లో మనుషులకు పేర్లుండవు, ఫ్లాట్ నంబర్లే. నేను 305ని, అంటే సరిగ్గా ఆ కుక్క కిందవాణ్ణి.

ఈ "హైపర్" అనే మాట కనిపెట్టిన మహానుభావుడికి మనం విగ్రహం కట్టించాలి. ఎంత సుఖమైన మాటో చూడండి. మనం చెప్పినచోట, చెప్పినంతసేపు కదలకుండా పడుండని ప్రతిదీ హైపర్. ఆ లెక్కన కోడిపుంజు హైపర్, తెల్లవారకముందే లేపుతుంది. చేప మరీ హైపర్, ఎప్పుడు చూసినా ఈదుతూనే ఉంటుంది. గానుగెద్దుని తెచ్చి హాల్లో కట్టేసి, ఇదేమిటి గుండ్రంగా తిరుగుతోంది, దీనికేదో జబ్బుందని డాక్టర్‌కి చూపించినట్టుంది మనవాళ్ల వరస.

405 గారు కుక్కని కొనేటప్పుడు అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "ఎంత పెద్దదవుతుంది?" అమ్మేవాడు మోకాలి కింద చెయ్యి పెట్టి చూపించాడు. వాడు అబద్ధం చెప్పలేదు. ఇరవై అయిదు నుంచి ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తు, అయిదారు కిలోల బరువు. లిఫ్ట్‌లో పడుతుంది, కార్లో పడుతుంది, సెల్ఫీలో పడుతుంది. ఇంకేం కావాలి? చిన్న కుక్కే కదా! ఈయన పచ్చిమిరపకాయని కూడా సైజు చూసే నములుతారా అని అడగాలనిపించింది. పొరుగువాళ్లతో గొడవెందుకని ఊరుకున్నాను.

ఆ సైజు మన సోఫా కోసం పుట్టింది కాదు. అది ఇంగ్లండ్‌లో నక్క బొరియ కొలత. డెవన్ ప్రాంతంలో జాన్ రస్సెల్, ముద్దుగా జాక్, అని ఒక పాదిరి ఉండేవారు. 1795లో పుట్టి 1883లో పోయారు. ఆదివారం చర్చిలో ప్రసంగం, వీలు చిక్కిన ప్రతిరోజూ గుర్రమెక్కి నక్కల వేట. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, 1819లో, ఓ పాలవాడి దగ్గర తెల్లటి ఆడ టెర్రియర్‌ని చూసి మనసు పారేసుకుని అక్కడికక్కడే కొనేశారు. దాని పేరు ట్రంప్. (నవ్వకండి, 1819 అన్నాను.) ఆ వంశానికే తర్వాత ఆయన పేరు పడింది.

ఆ రోజుల వేటలో పెద్ద కుక్కలు నక్కని తరిమేవి. అది బొరియలో దూరితే వాటి ప్రతాపం అక్కడితో సరి. అప్పుడు దిగాలి మన పొట్టి వీరుడు. ఛాతీ మనిషి రెండు చేతుల పట్టులో ఇమిడేంత సన్నగా ఉండాలి, లేకపోతే లోపల ఇరుక్కుపోతాడు. ఒళ్లు తెల్లగా ఉంటే మంచిది, బయటికొచ్చాక నక్క అనుకుని ఎవరూ మీద పడరు. నక్కని చంపడం కూడా దాని పని కాదు. చంపేస్తే వేట అయిపోయి పాదిరి గారి సాయంత్రం పాడవుతుంది. ఎదురుగా నిలబడి, మొరిగి, విసిగించి బయటికి రప్పించాలి. లోపల వెలుతురుండదు, యజమాని ఉండడు, "సిట్" అనేవాడు అసలుండడు. ముందుకెళ్లాలో వెనక్కి తగ్గాలో దానికదే తేల్చుకోవాలి. మట్టి అడ్డమొస్తే తవ్వుకోవాలి. అది ఎక్కడుందో పైన ఉన్నవాళ్లకి తెలిసేది దాని మొరుగుడు వినే.

ఇప్పుడు 405 గారి ఫిర్యాదు చూడండి. తవ్వుతుంది, మొరుగుతుంది, చెప్పిన మాట వినదు. కుక్క బయోడేటాలో మొదటి మూడు లైన్లే చదివి వినిపిస్తున్నారాయన.

"కానీ సార్, హెచ్‌ఎంవి రికార్డు మీద కుక్క ఎంత బుద్ధిగా కూర్చుంటుంది!" అన్నారాయన ఒకసారి లిఫ్ట్‌లో. అవును. మన తాతలనాటి ఘంటసాల రికార్డుల మీద గ్రామఫోన్ గొట్టం ముందు తల వాల్చి కూర్చునే ఆ కుక్క పేరు నిప్పర్. జాక్ రస్సెల్ పోలికలున్న టెర్రియరే. ఇంటికొచ్చినవాళ్ల పిక్కలు కొరికేది కాబట్టి ఆ పేరు పెట్టారు. 1895లో చనిపోయింది. ఫ్రాన్సిస్ బరోడ్ ఆ బొమ్మ గీసింది 1898లో. టెర్రియర్ అంత కుదురుగా కూర్చోవాలంటే చచ్చి మూడేళ్లయినా కావాలని నాకు అర్థమైంది.

ఇక మీటింగ్ సంగతి. నెలకిందట మా అసోసియేషన్ అత్యవసర సమావేశం సెల్లార్‌లో జరిగింది. పైన హాల్లో ఎవరి పిల్లాడిదో బర్త్‌డే. అజెండాలో రెండంశాలు. ఒకటి, సెల్లార్‌లో పందికొక్కులు కార్ల వైర్లు కొరికేస్తున్నాయి, పెస్ట్ కంట్రోల్ వాళ్లకి నెలకి 6,500 ఇద్దామా. రెండు, 405 కుక్క. ఈ రెండంశాలనీ కలిపి చదివిన మనిషి ఆ ముప్ఫై మందిలో ఒక్కడూ లేడు. అందరూ చదువుకున్నవాళ్లే.

ముద్దాయిని గులాబీ ఫ్రాక్ తొడిగి తీసుకొచ్చారు. మేడమ్ ఒళ్లో వణుకుతూ కూర్చుంది. భయమనుకున్నారు, ఒకావిడ అయ్యో పాపం అని కూడా అంది. కానీ దాని ముక్కు మాత్రం పంపుసెట్ గది వైపే ఉంది. సెక్రటరీ గారు నేరాల పట్టిక చదివారు: సోఫా, 406 గారి తులసి కుండీ, లిఫ్ట్‌లో అదోలా చూడటం. ట్రెజరర్ గారు లేచి, "గతంలో దీని ఫ్యామిలీలో ఎవరికైనా ఇలా తవ్వే అలవాటుందా?" అని అడిగారు. చాలా మంచి పాయింట్ అన్నారు ప్రెసిడెంట్ గారు. మినిట్స్‌లో రాయించారు.

సరిగ్గా అప్పుడు పంపుసెట్ గది తూములోంచి ఒక పందికొక్కు బయటికొచ్చి, తనమీదే చర్చ జరుగుతోందని తెలియక, ట్రెజరర్ గారి కుర్చీ కిందుగా నడిచింది. తర్వాత జరిగింది ఎవరూ సరిగ్గా చూడలేదు. ఫ్రాక్ మాత్రం మేడమ్ చేతిలోనే ఉంది. కుర్చీలు పడ్డాయి. కీచుమని ఒక్క అరుపు, మెడ పట్టి ఒక్క విదిలింపు. పది సెకన్లు కూడా పట్టలేదు. కుక్క ఆ పందికొక్కుని తెచ్చి ప్రెసిడెంట్ గారి చెప్పుల మీద పెట్టి, తోక నిటారుగా లేపి, తర్వాతి ఫైలు ఏదన్నట్టు చూసింది. పుట్టి ఏడాది పైనయింది, ఎవరూ నేర్పలేదు, అదే దాని మొదటి రోజు ఉద్యోగం.

సభ తేరుకోవడానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత రెండు తీర్మానాలు ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. కామన్ ఏరియాని మలినం చేసినందుకు 405కి వెయ్యి రూపాయల జరిమానా. పందికొక్కుల నివారణకి నెలకి 6,500 మంజూరు.

చచ్చినదాన్ని చీపురుతో తీస్తూ మా వాచ్‌మన్ అన్నాడు: "గా పైసలల్ల ఐదొందలు దీనికియ్యుండ్రి సార్. సెల్లార్ల ఒక్కటి మిగిల్తె నన్నడుగుండ్రి." ఈ మాట మినిట్స్‌లో లేదు.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం కదా. పెస్ట్ కంట్రోల్ వాళ్లొచ్చి సెల్లార్ మూలల్లో నీలం బిళ్లలు పెట్టి వెళ్లారు. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. కుక్క అది తిన్నా మర్నాటికి బాగానే ఉంటుంది. మూడు నాలుగు రోజులకి నీరసపడి, చిగుళ్లలోంచి రక్తం కారినప్పుడు తెలుస్తుంది. అసలు తిన్నదని అనుమానం వచ్చిన గంటలోనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. ఎలుకల మూత్రం నుంచి కుక్కలకీ మనుషులకీ వచ్చే లెప్టోస్పైరోసిస్ ఇంకొకటి, దానికి ఏటా టీకా వేయించాలి. ఈ జాతికి కంట్లో కటకం పట్టుతప్పి జారిపోయే జబ్బు వంశంలో వస్తుంది. తల్లిదండ్రులకి ఆ జన్యుపరీక్ష చేయించారా అని అడిగి కొనాలి. కన్ను ఎర్రబడితే రేపు చూద్దాంలే అనకూడదు. ఇవేవీ 405 గారికి తెలియవు. మూడు ఫ్రాకులు ఎక్కడ దొరుకుతాయో తెలుసు.

మీటింగ్ అయిన మర్నాటి నుంచి కుక్క బాల్కనీలో ఉంది. పడమటి బాల్కనీ. ఏప్రిల్. గ్రిల్‌కి రెండడుగుల గొలుసు. మధ్యాహ్నం రెండింటికి ఆ టైల్స్ మీద మీరు చెప్పుల్లేకుండా నిలబడి చూపించండి, ఎవరు హైపరో అప్పుడు మాట్లాడుకుందాం. నోరులేని జీవి అంటారు. దీనికి నోరుంది, పొద్దుట్నుంచి అదే పనిగా చెబుతోంది. వినేవాళ్లకే చెవుల్లేవు. ఆ చెవుల్లేనివాళ్లలో నేనూ ఉన్నాను. జనవరిలో దాని మొరుగుడు మీద రాసిన కంప్లైంట్ కింద రెండో సంతకం నాది. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు 2022లో బ్రిటన్ కుక్కల ఆయుర్దాయం లెక్కకడితే, చూసిన పద్దెనిమిది రకాల్లో జాక్ రస్సెల్‌దే అందరికంటే ఎక్కువ, సగటున 12.7 ఏళ్లు. దీనికింకా పద్నాలుగు నెలలు. పదకొండేళ్ల పైచిలుకు బతుకుని పరుపుతో, గిన్నెతో కలిపి ఉచితంగా ఇవ్వబడును అని రాయడానికి వేళ్లెలా వచ్చాయయ్యా? బొమ్మ కావాలంటే బొమ్మల కొట్టుంది కదా!

సోమవారం సాయంత్రం ఎండ తగ్గాక పైకెళ్లి, ఓ గంట తిప్పుకొస్తానని అడిగి తీసుకెళ్లాను. తాడు వదల్లేదు, పిల్లి కనిపిస్తే పిలిచినా వెనక్కి రాదు మరి. తొందరపెట్టకుండా ప్రతి స్తంభం, ప్రతి గోడ వాసన చూడనిచ్చాను. పక్క ఖాళీ ప్లాట్‌లో ఇసక కుప్ప ఉంది. దానిమీద ఇరవై నిమిషాలు తవ్వింది. ఏమీ దొరకలేదు, అయినా తృప్తిగా తుమ్మింది. తిరిగొచ్చాక పాత తువ్వాలులో ఉడికించిన చికెన్ ముక్కలు చుట్టి, నాలుగు ముళ్లు వేసి ముందు పెట్టాను. ముళ్లన్నీ విప్పుకుని తినడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. తర్వాత హాలు మధ్యలో నాలుగు కాళ్లూ చాపి గురకపెట్టి నిద్రపోయింది.

405 గారు చాలాసేపు దాన్నే చూశారు. వంగి, ఊపిరాడుతోందో లేదో చూసుకున్నారు. తర్వాత నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ గొంతు తగ్గించి అడిగారు.

"ఏం మందు పెట్టారు సార్? పేరు చెప్తే మేం కూడా తెప్పించుకుంటాం."