75 ఏళ్ల ఫెడరేషన్, ఆటగాళ్లకు సీజన్ ఏదీ?

2014 జులైలో చైనాలోని వూహాన్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత బాస్కెట్‌బాల్ జట్టు చైనాను వాళ్ల గడ్డ మీదే 65–58తో ఓడించింది. చైనాపై మనకు అదే తొలి గెలుపు. అదే టోర్నీలో అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్‌లను తలపాగా తీసేస్తేనే కోర్టులోకి రానిస్తామన్నారు. సిక్కు కుర్రాళ్లకు అదెంత కష్టమో చెప్పక్కర్లేదు. అయినా తీసి ఆడారు. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా ఆ నిబంధనను మార్చింది 2017లో.

ఆ గెలుపు తర్వాత ఏడాది తిరక్కుండానే, 2015 మార్చిలో, బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా రెండుగా చీలిపోయింది. ఒక వర్గం కె. గోవిందరాజ్‌ను అధ్యక్షుడన్నది, ఇంకో వర్గం పూనమ్ మహాజన్‌ను అధ్యక్షురాలన్నది. చివరికి ఫిబా గోవిందరాజ్ వర్గాన్ని గుర్తించింది. చైనాను ఓడించిన ఊపును వాడుకోవాల్సిన సమయమంతా కుర్చీ గొడవకే పోయింది.

ఇలాంటి జబ్బే అప్పట్లో జపాన్‌కూ ఉంది. అక్కడ రెండు లీగులు పోటీపడుతుంటే వాటిని కలపలేకపోయిన జపాన్ సంఘాన్ని ఫిబా 2014 నవంబరులో సస్పెండ్ చేసింది. ఆ దెబ్బతో వాళ్లు తేరుకున్నారు. ఫుట్‌బాల్‌లో జె-లీగ్‌ను నిలబెట్టిన కవాబుచి సబురోకు పగ్గాలిచ్చారు. 2016లో ఒకే జాతీయ లీగ్‌గా బి-లీగ్ మొదలైంది. 2023 ప్రపంచకప్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి జపాన్ నేరుగా పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. మన దగ్గర మాత్రం ఏ వర్గం అసలైనదో తేలింది గానీ, ఆటగాడు ఏడాది పొడవునా ఎక్కడ ఆడాలన్నది తేలలేదు. నా దృష్టిలో ఫెడరేషన్ చరిత్ర మొత్తంలో పెద్ద లోటు అదే.

క్రైస్తవ యువజన సంఘాలైన వైఎంసీఏల ద్వారా మన దేశానికి వచ్చిన ఈ ఆటకు 1934లోనే జాతీయ పోటీలు మొదలయ్యాయి. ఫెడరేషన్ ఏర్పడింది 1950లో. 1975లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో మనది నాలుగో స్థానం. ఈనాటికీ అదే మన అత్యుత్తమం. అదే ఏడాది ఫిలిప్పీన్స్‌లో పీబీఏ మొదలైంది, ఆసియాలో అదే తొలి ప్రొఫెషనల్ లీగ్. చైనాకు 1995లో సీబీఏ లీగ్ వచ్చింది.

మన ఆటగాడికి దిక్కు ఉద్యోగమే. రైల్వేస్, సైనిక దళాల సర్వీసెస్, ఓఎన్‌జీసీ, చెన్నైలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ లాంటివి స్పోర్ట్స్ కోటాలో కొలువులిచ్చి జట్లు నడిపాయి. ఫెడరేషన్ కన్నా వీటికే ఈ ఆట ఎక్కువ రుణపడి ఉందని నమ్ముతాను. రైల్వేస్ లేకుంటే మహిళల బాస్కెట్‌బాల్ ఏమయ్యేదో ఊహించడానికే భయమేస్తుంది. కాకపోతే సంస్థలకు కావాల్సింది జాతీయ పోటీల్లో పతకం. వారం పది రోజుల టోర్నీ, మళ్లీ ఆఫీసు, తర్వాతి పిలుపు దాకా ప్రాక్టీసు. వారం వారం గట్టి ప్రత్యర్థితో తలపడితే వచ్చే పదును ఇందులో ఎక్కణ్నుంచి వస్తుంది?

1980 మాస్కో ఒలింపిక్స్ గురించి గొప్పగా చెప్పుకుంటాం. చాలా దేశాలు బహిష్కరించడంతో మనకు చోటు దక్కింది. ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, 12 జట్లలో 12వ స్థానం. ఆ ఆటగాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అనుకోకుండా వచ్చిన ఆ అవకాశం నుంచి ఫెడరేషన్ ఏమీ కట్టలేకపోయిందన్నదే నా బాధ.

2010లో మళ్లీ ఆశ పుట్టింది. ఐఎంజీ–రిలయన్స్ అనే స్పోర్ట్స్ మార్కెటింగ్ సంస్థతో ఫెడరేషన్ 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. లీగ్ వస్తుందని ఆటగాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. రాలేదు. ఆ ఏడాదే లూధియానా అకాడమీలో ఆడుతున్న సత్నామ్ సింగ్ అనే పంజాబీ కుర్రాడు స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2015లో, డాలస్ మావెరిక్స్ అతన్ని 52వ స్థానంలో ఎంచుకుంది. భారత్‌లో పుట్టినవాళ్లలో డ్రాఫ్టయిన తొలి ఆటగాడు అతనే. ఎన్‌బీఏ సీజన్‌లో మ్యాచ్ ఆడే అవకాశం మాత్రం రాలేదు. తర్వాత డోపింగ్ కేసులో రెండేళ్ల నిషేధం, ఆపైన ప్రొఫెషనల్ రెజ్లింగ్. తప్పు అతనిదే అనుకున్నా, ఏడడుగుల పైన ఉన్న ఆటగాడు తిరిగొస్తే ఆడించడానికి స్వదేశంలో ఒక నికరమైన లీగ్ కూడా లేదన్నది నిజం.

ఫెడరేషన్ గొడుగు కింద ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ (ఐఎన్‌బీఎల్) ఎట్టకేలకు 2022లో మొదలైంది. తొలి సీజన్‌లో చెన్నై, కొచ్చి, బెంగళూరు, ముంబై, ఢిల్లీ, చండీగఢ్ జట్లున్నాయి. తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్కటీ లేదు. అంతకుముందు యూబీఏ అనే ప్రైవేటు లీగ్‌లో హైదరాబాద్ స్కై జట్టుండేది. ఆ లీగే 2017 తర్వాత మూతపడింది.

కొత్త లీగ్‌కు ఇంకో స్పాన్సర్‌ను వెతకడం కన్నా ముందు ఫెడరేషన్ చేయాల్సిన పని ఒకటుంది. ఏటా ఇన్ని నెలలు లీగ్, ఇన్ని వారాలు జాతీయ క్యాంప్ అని మూడేళ్ల క్యాలెండర్ ప్రకటించాలి. అన్ని రోజులూ ఆటగాళ్లను వదిలిపెడతామని రైల్వేస్, సర్వీసెస్‌లతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. అధ్యక్షుడు మారినా, కేసు కోర్టుకెక్కినా ఆ తేదీలు కదలకూడదు.