‘ఆడవాళ్ళ స్కీ గడ్డం దాటకూడదు’ అనే సలహా ఎక్కడ తప్పు?

కొత్త స్కీలు కొనబోయే ఆడవాళ్ళకి ఈమధ్య ఒక సలహా తెగ షేర్ అవుతోంది: “ఎంత బాగా స్కీయింగ్ వచ్చినా పొడవు గడ్డం దాటొద్దు. తేలికవి, మెత్తనివి చూసుకోండి. నడుము వెడల్పు 90 మి.మీ. ఉంటే ఏ మంచు మీదైనా పనికొస్తాయి. బైండింగ్ మగవాళ్ళకన్నా తక్కువలో పెట్టించండి.” (నడుమంటే స్కీ మధ్యలో సన్నగా ఉండే చోటు. బైండింగంటే బూటుని స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలేసే బిగింపు, ఎంత బలానికి వదలాలో దాని మీది అంకె చెబుతుంది.) నేర్చుకునే మొదటి వారానికి ఈ సలహాలో సగం చెల్లుతుంది. చదును చేసిన వాలు మీద అంచుతో కోస్తూ వేగంగా దిగే మనిషికి ఇది నష్టమే.

ముందు గడ్డం సంగతి. 165 సెం.మీ. ఎత్తున్న మనిషి గడ్డం దాదాపు 143 దగ్గర ఉంటుంది. పొట్టి మలుపులకని 12–13 మీటర్ల మలుపు వ్యాసార్థంతో చేసే స్లాలం (గేట్ల మధ్య పొట్టి మలుపుల పందెం) తరహా స్కీయే 155–160 ఉంటుంది, అంటే నుదురు దాకా. 16–18 మీటర్ల వ్యాసార్థంతో పెద్ద మలుపులకి చేసే జెయింట్ స్లాలం తరహా అయితే తలకి సమానంగానో, పైగానో. పొడవుని తేల్చేది మలుపు, వేగం, బరువు. ప్రపంచ కప్‌లో ఆడవాళ్ళ స్కీ స్లాలంలో కనీసం 155, జెయింట్ స్లాలంలో కనీసం 188 సెం.మీ. ఉండాలి. అమెరికా స్కీ రేసర్ మికేలా షిఫ్రిన్ రెండింట్లోనూ గెలుస్తుంది. రెండో దాంట్లో స్కీ ఆమెకన్నా పొడుగు. మరీ పొట్టిదైతే వేగంలో మలుపు చివర స్కీ తోక (వెనక కొస) జారిపోతుంది. పదును పెట్టించినా లాభం లేదు, మంచుని పట్టడానికి అంచే చాలదు.

తేలిక, మెత్తన. పొద్దున్నే, యంత్రం వాలుని చదును చేసి వదిలిన కొత్త గీతల మీద తేలిక స్కీ హాయిగానే ఉంటుంది. మధ్యాహ్నానికి పైమంచు గీసుకుపోయి, ఒకచోట గాజులా గట్టి నేల, పక్కనే కుప్పలు. అక్కడ స్కీ టపటపా కొట్టుకుంటుంది, అంచు పట్టుకుంటూ వదిలేస్తూ ఉంటుంది. ఆ అదురుని అణిచేది కాస్త బరువు, లోపలి టైటనాల్ రేకు (పేరు చూసి టైటానియం అనుకోకండి, అది అల్యూమినియం మిశ్రమం). అయితే ఒక్కటి నిజం: 85 కిలోల మనిషికని చేసిన స్కీని 55 కిలోల మనిషి వంచలేదు, వంగని స్కీ తిరగదు. కావలసింది మీ బరువుకి వంగేది, మెలిపడనిది. దుకాణంలో స్కీని నిలబెట్టి నడుము మీద అరచేత్తో నొక్కండి, ఎక్కడా విరిగినట్టు కాకుండా ఒకే తీరుగా వంగాలి. తర్వాత ముక్కు పట్టుకుని తడి తువ్వాలు పిండినట్టు తిప్పండి. సులువుగా తిరిగితే పక్కన పెట్టేయండి.

90 మి.మీ. నడుము మెత్తటి మంచుకి బాగుంటుంది. చదును వాలుకి 66–75 చాలు. అంచు పాదం కిందనుంచి దూరం జరిగేకొద్దీ గట్టి మంచు మీద చీలమండకీ మోకాలికీ శ్రమ, అంచు మార్చడమూ ఆలస్యం.

ఇక బైండింగ్. బైండింగ్ అంకె తేల్చే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11088 పట్టిక అడిగేవి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీయింగ్ చేసే తీరు. ఆడా మగా అన్న గడి లేదు. (ఫ్రాన్స్‌లో మాత్రం ఆడవాళ్ళకి కాస్త తక్కువ అంకెలతో వేరే పట్టిక ఉంది.) ఉదాహరణకి బరువు 58–66 కిలోలు, ఎత్తు 158–166 సెం.మీ. అయితే పట్టికలో ఒకే వరుస. దూకుడుగా చేసేవారికి అక్కణ్ణించి రెండు వరుసలు కిందికి (అంకె పెరుగుతుంది), 50 ఏళ్ళు నిండితే ఒక వరుస పైకి (అంకె తగ్గుతుంది). ఊరికే తగ్గించి పెట్టిస్తే పడకుండానే మలుపు మధ్యలో స్కీ ఊడిపోతుంది. మోకాలి లిగమెంటు భయంతో తగ్గిస్తారు గానీ, ఈ బైండింగ్‌లు ప్రధానంగా కాపాడేది కాలి ఎముకని. అడుగు పొడవు బూటు మడమ పక్కన మి.మీ.లలో అచ్చు వేసి ఉంటుంది, చూసి చెప్పండి. బరువు మాత్రం మొహమాటపడి అయిదు కిలోలు తగ్గించకండి.